పడని మందులు: ఏమీ లేవు

నర్సుల క్వార్టర్స్, మేడ మీది గది
మార్చి, ఆదివారం

వదినా,

ఈసారి నీ మీద చాడీలేమీ లేవు, ధైర్యంగా చదువు. పెళ్ళయిన కొత్తలో అన్నయ్య నీ ఫోన్ తిరగేస్తాడని మనం ఈ ఉత్తరాలు మొదలుపెట్టాం. కాపురం పాతబడి వాడు తిరగేయడం మానేశాడు గానీ మనం రాయడం మానలేదు. నాకూ ఇదే బాగుంది. రోగుల ఇళ్ళకి తిరగడానికి సెంటర్ వాళ్ళిచ్చిన ఫోన్‌లో నువ్వు చేసిన యాప్ తప్ప ఇంకేదీ తెరుచుకోదు. నా సొంత ఫోన్‌కి సిగ్నల్ కావాలంటే కిటికీలోంచి సగం బయటికి వేలాడాలి.

సంగతేమిటంటే, నీ యాప్ ఇప్పుడు మూసుకుపోవడం లేదు. ఇదివరకు రోగి మంచం పక్కన సిరంజి పట్టుకుని నిలబడగానే టక్కున మాయమయ్యేది. మీకు ఫోన్ వాడటమే రాదు, సూదేం వేస్తారని ఒక పెద్దాయన కొడుకు అన్నాడనీ, నాకు తల కొట్టేసినట్టయిందనీ నీకు ఏడుస్తూ రాశాను, గుర్తుందా? కొత్త వెర్షన్ వచ్చాక ఒక్కసారి కూడా అలా జరగలేదు. పెద్ద సిస్టర్ అయితే మీ వదినది మంచి చెయ్యి అంది. నేనెంత పొంగిపోయానో మాత్రం చెప్పను, నీకు కళ్ళు నెత్తికెక్కుతాయి.

ఒక్క నలుసు ఉంది. 'పడని మందులు' అనే పేజీ ఉంది కదా, ఒక్కోసారి అక్కడ 'ఏమీ లేవు' అని వస్తుంది. ఉన్నవాళ్ళకి కూడా. మా రోగి దర్జీ తాతకి పెన్సిలిన్ పడదని యాప్‌లో స్వయంగా నేనే ఎక్కించాను, మొన్న ఆయనకీ 'ఏమీ లేవు' అని చూపించింది. మూసి మళ్ళీ తెరిస్తే బుద్ధిగా పెన్సిలిన్ అని వచ్చింది. ఆ పేజీ ఎప్పుడూ రెండుసార్లు తెరవండమ్మా అని పెద్ద సిస్టర్ మా అందరికీ చెప్పింది. ఇప్పుడు అందరికీ అదే అలవాటు.

ఫిర్యాదుల పుస్తకంలో రాద్దామని కలం కూడా తీశాను. ఈ నెలలోనే నీ ప్రమోషన్ తేలుతుందని అన్నయ్య చెప్పిన మాట గుర్తొచ్చింది. మా సూపర్‌వైజర్ గోరంతని కొండంత చేసి మీ మేనేజర్‌కి పంపే రకం. మన ఇంటి మనిషి పేరు నా చేత్తో నేనెందుకు చెడగొట్టాలని కలం మూసేశాను. నువ్వే వీలు చూసుకుని దాని సంగతి చూడు.

నీ తల తినడానికే పుట్టిన
ఆడపడుచు

•

ఆఫీసు, నా సీటు. అందరూ భోజనానికి వెళ్ళారు
మార్చి

పిచ్చుకా,

మీ అన్నయ్య నీకు ఆ పేరు ఊరికే పెట్టలేదు. మెచ్చుకోవడం కూడా కిచకిచలాడుతూనే చేస్తావు. అయినా సంతోషించాను. ఇక్కడ నా పనిని మెచ్చుకునేవాళ్ళు ఉన్నారు గానీ, దాన్ని చేత్తో పట్టుకుని తిరిగే మనిషి మెచ్చుకుంటే ఆ తృప్తే వేరు.

ఏం చేశానో చెప్తాను, నిద్రొస్తే పక్కన పెట్టు. మీరు తిరిగే చోట నెట్ నిలకడగా ఉండదు కాబట్టి రోగుల వివరాలన్నీ ఫోన్‌లోనే ఒక డేటాబేస్‌లో ఉంటాయి. రోగులకో టేబుల్, మందులకో టేబుల్, పడని మందులకో టేబుల్. ఇదివరకు ప్రతి స్క్రీనూ తనంతట తనే డేటాబేస్ తెరిచి, అడిగి, తెచ్చుకుని, మూసేది. ఒకటి మూయడం మరిచిపోయేది, ఇంకొకటి తప్పుగా అడిగేది. ఇంటిల్లిపాదీ వంటగదిలో దూరి ఎవరి కంచం వాళ్ళు పెట్టుకుంటున్నట్టు ఉండేది. నేను ఆ గుంపునంతా బయటికి పంపి, గుమ్మంలో ఒక్క మనిషిని నిలబెట్టాను. అదే హెల్పర్ మెథడ్. ఏ టేబుల్ కావాలో చెప్తే చాలు, ఉన్నవన్నీ తెచ్చి లిస్టుగా చేతిలో పెడుతుంది. రోగులైనా, మందులైనా, రేపు కొత్తగా ఇంకేదైనా దానికి ఒకటే. ఇలాంటిదాన్ని మేము జెనరిక్ అంటాం. బారెడు కోడ్ పోయి బెత్తెడు మిగిలింది. మేనేజర్ అందరినీ పిలిచి మరీ చూపించాడు.

ఇక యాప్ మూసుకుపోకపోవడం. డేటాబేస్ జవాబివ్వకపోతే ఎర్రర్ వస్తుంది, ఆ ఎర్రర్‌కే యాప్ కూలిపోయేది. ఇప్పుడు హెల్పర్ ఆ ఎర్రర్‌ని తనే మింగేసి, ఖాళీ లిస్టు ఇచ్చి పంపుతుంది. ఆ పెద్దాయన కొడుకు నిన్నన్న మాట చదివిన రోజే ఆ నాలుగు వరుసలూ రాశాను. నా ఆడపడుచుని ఇంకెవరూ అలా అనకూడదనుకున్నాను.

నువ్వు చెప్పిన నలుసు దీనివల్లే అయ్యుంటుంది. నెట్ తగిలినప్పుడు ఫోన్ మీ సెంటర్‌తో సింక్ అవుతుంది, అంటే వివరాలు ఇచ్చిపుచ్చుకుంటుంది; అప్పుడు డేటాబేస్ కాసేపు లాక్ అయి ఎవరడిగినా జవాబివ్వదు. రెండోసారి తెరిస్తే వస్తోంది కదా, ప్రస్తుతానికి అలాగే కానివ్వండి. ఈ ప్రమోషన్ గొడవ తేలాక తీరిగ్గా చూస్తాను. పుస్తకంలో రాయకపోవడం మంచిదైంది. నీ మేలు మరిచిపోను.

వదిన

•

నర్సుల క్వార్టర్స్
మే, మధ్యాహ్నం

టీమ్ లీడ్ గారైన మా వదినగారికి,

ఇకనుంచి నిన్ను మీరు అనాలేమో అన్నయ్యని కనుక్కుని చెప్పు. మీ ఇంట్లో ప్రమోషన్ వేడుక సాయంత్రం నువ్వు అందరి మధ్యా కూర్చుని సిగ్గుపడుతుంటే చూడటానికి రెండు కళ్ళూ చాలలేదు. తిరిగొచ్చాక ఇక్కడ అందరికీ నాకే ప్రమోషన్ వచ్చినట్టు చెప్పుకుని తిరుగుతున్నాను.

మా దగ్గర కొత్తగా ఒకావిడ చేరింది. కొత్తంటే వయసులో కాదు, మా అమ్మ కంటే కాస్త చిన్నదేమో. కూతుర్ని పెంచడానికి నర్సు పని వదిలేసి, ఆ అమ్మాయి కాలేజీకి వచ్చాక మళ్ళీ చేరింది. ప్రతి మందు చీటీనీ పైకి చదువుతుంది. సీసా మీద పేరు చదువుతుంది, తారీఖు చదువుతుంది, మళ్ళీ మొదటినుంచి చదువుతుంది. మేమంతా నిదానమ్మ అని పేరు పెట్టాం. ఆవిడకీ తెలుసు, నవ్వుతుంది. కాగితం ఫైళ్ళు ఎత్తేశారని వినగానే మాత్రం ఆవిడ మొహం చిన్నబోయింది. కాగితమైతే ఎక్కడికీ పోదు కదమ్మా అంది. మా వదిన చేసిన యాప్ అండీ, కాగితం కంటే గట్టిది అని నేను గొప్పగా చెప్పాను.

వారంపాటు ఆవిడని నా వెంట తిప్పమన్నారు. ఒక్క రోజు తిప్పాక నేను మీ ఇంటికి వచ్చేశాను. తిరిగొచ్చేసరికి సూపర్‌వైజర్ ఆవిడకి ఒంటరిగా ఇళ్ళు అప్పజెప్పేశాడు. మనుషులు చాలడం లేదట. పాపం ఆవిడ బాగానే నెట్టుకొస్తోంది.

ఆ నలుసు చూశావా? తొందరేం లేదులే.

పిచ్చుక

•

నర్సుల క్వార్టర్స్
జూన్

వదినా,

దర్జీ తాత చనిపోయాడు.

కాలి పుండు ముదిరిందని డాక్టరు ఫోన్‌లో పెన్సిలిన్ ఇంజెక్షన్ రాశాడు. ఆయన కొత్త డాక్టరు, పడనివేమైనా ఉంటే నర్సు చూసుకుంటుందనుకున్నాడు. నిదానమ్మ వెళ్ళింది. తాత భార్య బయటికెళ్ళింది, తాతకి పక్షవాతం వచ్చాక మాట లేదు. నిదానమ్మ పడని మందుల పేజీ తెరిచింది. ఏమీ లేవని ఉంది. సూది వేసింది. అంబులెన్స్ వచ్చేలోపే అయిపోయింది.

తర్వాత పోలీసుల ముందు ఫోన్ తెరిచి చూస్తే పెన్సిలిన్ అని స్పష్టంగా ఉంది. కింద నేను ఎక్కించినట్టు నా పేరు కూడా ఉంది. ఆవిడ చూడకుండానే వేసిందని అందరూ తేల్చేశారు. నేను చూశానండీ, పైకి చదివాను కూడా అని ఆవిడ అంటూనే ఉంది. ఎవరూ వినడం లేదు.

ఇంకొకటుంది, నీకు చెప్పకపోతే నాకు ఊపిరి ఆడదు. సూది వేయబోతుంటే తాత చెయ్యి ఎత్తాడట. ఆవిడ నాతో అంది: "సూదికి భయపడుతున్నాడనుకున్నానమ్మా. ఏం కాదు నాన్నా అని ఆ చెయ్యి నేనే పట్టుకుని దించాను."

ఆవిడ చూసింది వదినా. నాకు తెలుసు, నీకూ తెలుసు. రెండుసార్లు తెరవాలని ఆవిడకి నేను చెప్పలేదు. రెండో రోజు చెబుదామనుకున్నాను.

వెంటనే రాయి.

•

ఇల్లు
జూన్

పిచ్చుకా,

ఈ ఉత్తరం నిదానంగా చదువు.

నీ ఉత్తరం అందిన రోజే టెస్ట్ ఫోన్ తీసుకుని, సింక్ నడుస్తుండగా ఆ పేజీ తెరిచి చూశాను. చాలాసార్లు సరిగ్గానే వచ్చింది. తర్వాత ఖాళీగా వచ్చింది. కాబట్టి ఆవిడ చెప్పింది జరగడానికి వీలుంది. జరిగిందని మాత్రం ఎవరూ రుజువు చేయలేరు. హెల్పర్ ఎర్రర్‌ని మింగేటప్పుడు ఎక్కడా రాసిపెట్టమని కూడా నేను చెప్పలేదు. ఆ ఫోన్‌లో ఏ జాడా ఉండదు.

నీకు చెప్పనిది ఒకటుంది. ఆ కోడ్ రాసిన రోజు నా పక్క సీటాయన దాన్ని చదివి, లేకపోవడం వేరు, తెలియకపోవడం వేరు, ఈ రెంటికీ ఒకే జవాబు ఇస్తే ఎలాగండీ అన్నాడు. దుకాణాల యాప్‌లో అయితే పర్లేదు గానీ ఇక్కడ ప్రమాదం అన్నాడు. ప్రతి టేబుల్‌కీ ఒక మినహాయింపు పెడితే ఇక అది జెనరిక్ ఎలా అవుతుందని నేను ఎదురు తిరిగాను. నిజానికి నాకు నా మెథడ్ అందం చెడిపోవడం ఇష్టం లేదు. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు కొత్త వెర్షన్ తయారు చేస్తున్నాను. చదవలేకపోతే చదవలేకపోయామనే చెబుతుంది. ఇంకెవరికీ ఇలా జరగదు. మనం చేయగలిగింది అదే. నువ్వు విచారణలో నోరు జారితే పోయిన మనిషి తిరిగి రాడు, నా ఉద్యోగం పోతుంది, నా కింద పనిచేసేవాళ్ళందరి మీదా మచ్చ పడుతుంది. తెలిసి కూడా పుస్తకంలో ఎందుకు రాయలేదని నిన్ను నిలదీస్తారు. మీ అన్నయ్యకి ఇంకా ఏమీ చెప్పలేదు. ఆవిడ తరఫున ప్లీడరు ఉన్నాడు కదా, ఆయన చూసుకుంటాడు. అసలు ఆవిడ నిజంగానే చూడలేదేమో, మనకేం తెలుసు.

దయచేసి ఏమీ అనకు. వదినగా కాదు, చెయ్యి పట్టుకుని అడుగుతున్నాను అనుకో.

•

నర్సుల క్వార్టర్స్
జూలై

వదినా,

'మనకేం తెలుసు' అన్న మాట నువ్వే రాశావా అని చాలాసేపు నీ దస్తూరీ వంక చూస్తూ కూర్చున్నాను.

నీ కొత్త వెర్షన్ వచ్చింది. సోమవారం పొద్దున్న అందరి ఫోన్లలోకీ దానంతట అదే దిగింది, పోలీసులు తిరిగిచ్చిన ఆ ఫోన్‌లోకి కూడా. బుధవారం విచారణ. విచారణ కమిటీ వాళ్ళు ఆ ఫోన్‌నే తెప్పించి, తాత పేజీ తెరిచారు, మూశారు, తెరిచారు. ప్రతిసారీ పెన్సిలిన్ అనే వచ్చింది. ఎందుకు రాదు? నువ్వు బాగుచేశావుగా.

నేను లేచి చెప్పాను. నీ ఉత్తరాలు చూపించలేదు, చూపించను, అవి మన మధ్యవి. నా నోటితోనే చెప్పాను. పాత వెర్షన్‌లో ఒక్కోసారి ఖాళీగా వచ్చేదనీ, మేమంతా రెండుసార్లు తెరిచేవాళ్ళమనీ చెప్పాను. చైర్మన్ మిగతా నర్సుల్ని వరసగా అడిగాడు. ఒక్కొక్కరూ లేదండీ, మాకెప్పుడూ రాలేదండీ అన్నారు. అవునంటే ఇన్నాళ్ళూ ఎందుకు దాచారని అడుగుతారని భయం. పెద్ద సిస్టర్ కూడా లేదండీ అనేసి నేల చూపులు చూసింది. ఫిర్యాదుల పుస్తకం తెప్పించారు. అందులో ఈ సంగతి ఒక్క ముక్క లేదు. ఫిర్యాదు లేదంటే లోపం లేదన్నమాటేగా అన్నాడాయన.

బయటికొచ్చాక వరండాలో నిదానమ్మ నా దగ్గరికి వచ్చింది. కృతజ్ఞత చెబుతుందేమోనని, సిగ్గు లేకుండా, ఒక్క క్షణం ఆశపడ్డాను.

"రెండుసార్లు తెరవాలని నీకు తెలుసా అమ్మా?" అని అడిగింది.

తెలుసన్నాను.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

మా వదిన పేరు చెడుతుందని పుస్తకంలో రాయలేదనీ, మా వదిన ఇంట్లో వేడుకకి వెళ్ళి మీకు చెప్పలేదనీ చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆవిడ చీర కొంగు సర్దుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నువ్వు నా మీద ప్రేమతో చేశావు, నేను నీ మీద ప్రేమతో దాచాను. ఇంత ప్రేమ మన దగ్గరే ఉంచుకుని ఆవిడని బలిచ్చాం. నాకు నీ మీద కోపంగా ఉంది. నా మీద ఇంకా కోపంగా ఉంది. నువ్వు వచ్చి చెప్పేదాకా నాకు ఉత్తరం రాయకు.

•

బస్టాప్ బెంచి, నిదానమ్మ గారి వీధి చివర
ఆగస్టు

పిచ్చుకా,

వచ్చాను కాబట్టి రాస్తున్నాను. ఇన్నాళ్ళూ రాయడానికి మొహం చెల్లలేదు.

ముందు రేపటి సంగతి చెప్పేస్తాను. పొద్దున్నే కమిటీ ఆఫీసుకి వెళ్తున్నాను. ఈ ఉత్తరం ఈ రాత్రే నీ గది తలుపు కింద వేసి వెళ్తాను, నువ్వూ రా. కొత్త వెర్షన్ పంపే ముందు ఒక టెస్ట్ ఫోన్‌ని అప్‌డేట్ కాకుండా ఆపి, సొరుగులో అడుగున పెట్టాను. అప్పుడెందుకు పెట్టానో నన్ను నేను అడగలేదు. నిన్న దాన్ని ఎవరికీ చెప్పకుండా తెచ్చేశాను. మేనేజర్‌కి అంతా చెప్పాను, లాయర్లు మాట్లాడతారు, నువ్వు మాట్లాడకు అన్నాడు. మాట్లాడతానన్నాను. ఇక ఆ సీటు నాది కాదు. మీ అన్నయ్యకీ చెప్పాను. కేకలేస్తాడనుకున్నాను. ఆవిడ ఇల్లెక్కడో కనుక్కున్నావా అని మాత్రం అడిగాడు.

కానీ నేను ఆలస్యం చేశాను. కిందటి వారమే ఆవిడ సంతకం పెట్టేసింది. తొందరలో ఆ పేజీ చూడలేదని ఒప్పుకుంటే జైలు తప్పుతుందని ప్లీడరు నచ్చజెప్పాడట. ఇక జీవితంలో నర్సు పని చేయకూడదు. ఒప్పుకున్న మనిషి తరఫున ఎవరొచ్చి ఏం చెప్పినా వినరని ఆయనే నాతో ఫోన్‌లో అన్నాడు. వినకపోవచ్చు. అయినా వెళ్తాను.

ఇప్పుడే ఆవిడ ఇంట్లోంచి వస్తున్నాను. చిన్న గది, కిటికీ పక్కన కుట్టుమిషను, గోడకి ఆనించి మడత మంచం. నన్ను కంపెనీ మనిషిననుకుని మర్యాదగా కుర్చీ వేసింది. కూతురు లోపలి గదిలో ఉంది. దర్జీ తాత పోయినప్పటి నుంచి ఆ అమ్మాయి తల్లితో సరిగ్గా మాట్లాడటం లేదట. సంతకం పెట్టిన రోజు నుంచి అసలే మాట్లాడటం లేదట.

నేను పాత ఫోన్ తీసి, సింక్ నడిచేలా చేసి, ఆవిడ చేతికిచ్చాను. తాత వివరాలు అందులో ఉన్నట్టే ఎక్కించి తెచ్చాను. ఆవిడ పేజీ తెరిచింది. పెన్సిలిన్. మూసి తెరిచింది. పెన్సిలిన్. ఇన్నిరోజులూ రాకూడదని కోరుకున్నది ఇప్పుడు రాకపోతే ఎలాగని భయపడ్డాను. మళ్ళీ పెన్సిలిన్. ఆవిడ ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది.

"ఉంది కదండీ. ఉన్నదేగా చూపిస్తోంది. చూడలేదని రోజూ అందరూ అంటుంటే, సంతకం కూడా పెట్టాక, చూశానో లేదో ఇప్పుడు నాకే తెలియడం లేదు."

మళ్ళీ తెరవమని బతిమాలాను. ఆవిడ నా మాట తీసేయలేక తెరిచింది. ఇంకోసారి, ఇంకోసారి.

ఆవిడ వేలు ఆగిపోయింది. పెదవులు కదిలాయి. అలవాటు ప్రకారం, మాట మాటా విడదీసి, పైకి చదివింది. "పడని మందులు. ఏమీ లేవు." మొదటినుంచి మళ్ళీ చదివింది.

ఇలా చేసింది ఎవరని అడిగింది. నేనేనని చెప్పాను. చెంప మీద కొడితే బాగుండునని కూర్చున్నాను. ఆవిడ నా వైపు ఇంకొక్కసారి కూడా చూడలేదు. ఆ పేజీ ఎక్కడ మారిపోతుందోనని రెండు చేతులతో ఫోన్ పట్టుకుని, కదలకుండా, లోపలి గది వైపు తల తిప్పి కూతుర్ని పిలిచింది.

"ఇలా రావే. త్వరగా రా. చూడు, నేను చూశాను."

ఆ అమ్మాయి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

వదిన